నిప్పు లేనిదే పొగ రాదు: లాజిక్ పరీక్షల్లో షరతులనూ వాదనలనూ తేల్చడం ఎలా

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజమనుకొని నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పండి. దూరంగా పొగ కనిపిస్తోంది, అక్కడ నిప్పు ఉందా? ఒకచోట నిప్పు ఉంది, పొగ వస్తోందా? నిప్పు లేదు, పొగ ఉండే వీలుందా? పొగ లేదు, నిప్పు కూడా లేనట్టేనా?

మొదటిదానికి ఉందనీ, మూడోదానికి లేదనీ ఖాయంగా చెప్పొచ్చు. రెండో ప్రశ్నకూ నాలుగో ప్రశ్నకూ సరైన జవాబు "చెప్పలేం". మన తర్కశాస్త్రంలో దీనికి పాత ఉదాహరణ ఒకటుంది: ఎర్రగా కాలిన ఇనుప గుండు. అందులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగను బట్టి నిప్పును ఊహించవచ్చు గానీ నిప్పును బట్టి పొగను ఊహించకూడదని నైయాయికులు ఆ గుండును చూపించేవారు.

లా యూనివర్సిటీల్లో చేరడానికి రాసే క్లాట్, సివిల్స్ ప్రిలిమ్స్‌లో రెండో పేపరైన సీశాట్, బ్యాంకు పరీక్షలు, అమెరికాలో లా చదవాలనుకునేవాళ్లు రాసే ఎల్‌శాట్... వీటన్నిటిలో లాజిక్ ప్రశ్నల వేషం మారుతుంది. మార్కులు జారిపోయే చోటు మాత్రం తరచుగా ఆ రెండో ప్రశ్న, నాలుగో ప్రశ్న దగ్గరే. "చెప్పలేం" అనాల్సిన చోట మనసు ఏదో ఒకటి చెప్పేస్తుంది. దాన్ని ఆపే పద్ధతిని అంచెలంచెలుగా చూద్దాం.

మొదటి మెట్టు: మీ పరీక్ష ఏమడుగుతుందో చూసుకోండి

క్లాట్ యూజీలో 2 గంటలకు 120 ప్రశ్నలు. అందులో లాజికల్ రీజనింగ్‌వి 22 నుంచి 26. ప్రతి తప్పుకూ 0.25 మార్కు పోతుంది. హైదరాబాద్ నల్సార్‌కైనా, విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకైనా దారి ఇదే. ఇక్కడ పాసేజ్ ఇచ్చి, అందులోని వాదన మీద ప్రశ్నలు వేస్తారు.

సీశాట్‌లో 80 ప్రశ్నలు, 200 మార్కులు. క్వాలిఫై అయితే చాలు. కావాల్సింది 33 శాతం, అంటే 66 మార్కులు. ఒక్కటీ తప్పు పోకుండా 27 సరిగ్గా పెడితే గట్టెక్కినట్టే. పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది కాబట్టి తెలుగు మీడియం అభ్యర్థులకు లాజిక్‌తో పాటు ఇంగ్లీషు వాక్యం కూడా ఒక పరీక్షే. అందుకే కింద ఇంగ్లీషు మాటల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

బ్యాంకు పరీక్షల్లో సిలాజిజం (ఇచ్చిన వాక్యాల నుంచి ముగింపు వస్తుందో లేదో తేల్చడం), స్టేట్‌మెంట్ అండ్ అజంప్షన్ (మాట వెనక పైకి చెప్పకుండా అనుకున్నదాన్ని పట్టుకోవడం) లాంటి పొట్టి ప్రశ్నలు. ఎల్‌శాట్‌లో లాజిక్ గేమ్స్ అనే సెక్షన్‌ను 2024 ఆగస్టు నుంచి తీసేసి, లెక్కలోకి వచ్చే లాజికల్ రీజనింగ్ సెక్షన్లను రెండు చేశారు. అంటే అక్కడ వాదనలను తూచడానికి ఇదివరకటి కంటే ఎక్కువ బరువు.

రెండో మెట్టు: మీకు తెలిసినదాన్ని గుమ్మం బయట వదలండి

జనరల్ స్టడీస్ బాగా చదివినవాళ్లకు ఇది కష్టం. ఉదాహరణ చూడండి. "నదులన్నీ సముద్రంలో కలుస్తాయి. లూణీ ఒక నది. కాబట్టి లూణీ సముద్రంలో కలుస్తుంది." రాజస్థాన్‌లో పారే లూణీ సముద్రం దాకా పోదు, కచ్ రణ్‌లో ఇంకిపోతుంది. ఆ సంగతి మీకు తెలుసు కాబట్టి ముగింపు తప్పని గుర్తు పెట్టారనుకోండి, మార్కు పోయినట్టే. ఇచ్చిన రెండు వాక్యాలూ నిజమైతే మూడోది నిజం కాక తప్పదా? తప్పదు. అంతవరకే మన పని. మొదటి వాక్యం నిజజీవితంలో తప్పన్నది వేరే సంగతి.

దీనికి రెండోవైపు కూడా ఉంది. ముగింపు నిజమే అయినా, ఇచ్చిన వాక్యాల నుంచి రాకపోవచ్చు. "కొన్ని నదులు సముద్రంలో కలుస్తాయి. గోదావరి ఒక నది. కాబట్టి గోదావరి సముద్రంలో కలుస్తుంది." గోదావరి కలుస్తుంది, నిజమే. కానీ ఈ వాదన నిలబడదు. ఎందుకంటే గోదావరి ఆ "కొన్ని"లో ఉందని ఎవరూ చెప్పలేదు.

మూడో మెట్టు: ముగింపు ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి

పాసేజ్ చదవగానే ఆప్షన్ల మీదికి దూకకండి. ముందు రచయిత మనల్ని దేన్ని నమ్మమంటున్నాడో ఒక్క వాక్యంలో పట్టుకోండి. ముగింపు చివరే ఉండాలని రూలేమీ లేదు. మొదటి వాక్యంలోనే చెప్పేసి తర్వాత కారణాలు పేర్చడం చాలా మామూలు.

తేల్చుకోలేకపోతే రెండు వాక్యాల మధ్య "ఎందుకంటే" పెట్టి చదవండి. "ఈ వంతెనను మూసేయాలి, ఎందుకంటే స్తంభాల్లో పగుళ్లు వచ్చాయి" అంటే అర్థవంతంగా ఉంది. "స్తంభాల్లో పగుళ్లు వచ్చాయి, ఎందుకంటే వంతెనను మూసేయాలి" అంటే అర్థం లేదు. కాబట్టి వంతెనను మూసేయాలన్నది ముగింపు, పగుళ్లు కారణం.

ఒక ఉచ్చు ఉంది. "కొందరు ఇలా అంటారు" అని మొదలుపెట్టి, తర్వాత "కానీ" అని తిరిగే పాసేజ్‌లు. ఆ కొందరి మాట ముగింపు కాదు, రచయిత దాన్ని కొట్టేయడానికే తెచ్చాడు. ఆప్షన్లలో ఆ మాటను రచయిత అభిప్రాయంగా మార్చి తప్పకుండా ఒకటి పెడతారు.

నాలుగో మెట్టు: షరతుకు బాణం గీయండి

అసలు సరుకు ఇక్కడుంది. షరతు వాక్యం ఏదైనా, దాన్ని ఒక బాణంగా మార్చండి. నిప్పు లేనిదే పొగ రాదు అంటే:

పొగ → నిప్పు

బాణం తోక దగ్గర ఉన్నది "ఇది ఉంటే చాలు" అనే రకం. మొన దగ్గర ఉన్నది "ఇది లేకపోతే కుదరదు" అనే రకం. పొగ ఉంటే చాలు, నిప్పు ఉందని తేలిపోతుంది. నిప్పు లేకపోతే పొగకు దిక్కులేదు.

ఈ బాణం మీద మీరు చేయగలిగిన పనులు రెండే. ముందుకు నడవడం: పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది. లేదా రెండువైపులా "లేదు" తగిలించి వెనక్కి తిప్పడం: నిప్పు లేదు కాబట్టి పొగ లేదు. ఈ రెండోదాన్ని కాంట్రాపాజిటివ్ అంటారు, తెలుగు మీడియంలో లెక్కలు చదివినవాళ్లకు ప్రతివర్తితం. తిప్పడం ఒక్కటే చేసి "లేదు" మరిచిపోయినా, "లేదు" పెట్టి తిప్పడం మరిచిపోయినా తప్పే. సగం పని చేస్తే తప్పు, రెండూ చేస్తే ఒప్పు. దీన్ని కాగితం మీద చేతికి అలవాటయ్యేదాకా గీయండి. బుర్రలో చేద్దాంలే అనుకునేవాళ్లు టైమ్ టెన్షన్‌లో సగం పనే చేస్తారు.

మనసు ఇక్కడ ఎందుకు జారుతుందో 1966లో పీటర్ వాసన్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త ఒక చిన్న పజిల్‌తో చూపించాడు. దాన్ని మన అక్షరాల్లో పెడితే ఇలా ఉంటుంది. నాలుగు కార్డులు, ప్రతిదానికీ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. మీకు కనిపిస్తున్నవి: అ, క, 4, 7. "ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది" అన్న రూలు నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పి చూడాలి?

చాలామంది "అ", "4" అంటారు. సరైన జవాబు "అ", "7". 4 వెనక అచ్చు ఉన్నా హల్లు ఉన్నా రూలుకు నష్టం లేదు. 7 వెనక అచ్చు ఉంటే మాత్రం రూలు బద్దలవుతుంది. 7ను తిప్పడమంటే కాంట్రాపాజిటివ్‌ను పరీక్షించడమే.

ఇదే ప్రశ్నను నిజజీవితపు రూలుగా మారిస్తే ఎక్కువమంది తడబడరు. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద జీరో టికెట్ మీద, అంటే బస్సులో ఉచితంగా, వెళ్తున్న మహిళకు రాష్ట్రంలో ఉంటున్నట్టు గుర్తింపు కార్డు ఉండాలి. బస్సులో నలుగురు మహిళలు. ఒకరి చేతిలో జీరో టికెట్ ఉంది. ఒకరు డబ్బు పెట్టి టికెట్ కొన్నారు. ఒకరి దగ్గర తెలంగాణ చిరునామా ఉన్న కార్డు ఉంది. ఒకరి కార్డు మీద కర్ణాటక చిరునామా ఉంది. చెకింగ్ ఇన్‌స్పెక్టర్ ఎవరిని అడగాలి? జీరో టికెట్ ఉన్నావిడను కార్డు అడగాలి, కర్ణాటక కార్డు ఉన్నావిడను టికెట్ అడగాలి. మిగతా ఇద్దరి జోలికి వెళ్లక్కర్లేదు. కార్డుల పజిల్ కూడా అచ్చంగా ఇదే. 1982లో గ్రిగ్స్, కాక్స్ అనే పరిశోధకులు అమెరికాలో బీరు తాగే వయసు రూలుతో ఇదే పరీక్ష పెడితే ఎక్కువమంది సరిగ్గా చెప్పారు. కాబట్టి పరీక్షలో ఎక్స్, వై అంటూ పొడిపొడి షరతు ఎదురై బుర్ర ఆగిపోతే, దాన్ని వెంటనే బస్సు రూలుగానో హాల్ టికెట్ రూలుగానో మార్చుకోండి. "ఈ రూలును ఎవరు అతిక్రమిస్తారు?" అని అడగండి. తోక ఉండి మొన లేనివాడే అతిక్రమించేవాడు, ఇంకెవరూ కాదు.

ఐదో మెట్టు: మాటను బట్టి బాణం ఎటో తేల్చండి

బాణం గీయడం తేలికే, ఏది తోకో ఏది మొనో పట్టుకోవడమే కష్టం. ప్రశ్నలు తయారుచేసేవాళ్లు మాటలు మార్చి మార్చి ఇస్తారు.

"ఇఫ్", "వెన్", "ఆల్", "ఎవ్రీ" అన్న మాటల వెంట వచ్చేది తోక. "ఓన్లీ ఇఫ్" వెంట వచ్చేది మొన. ఒక్క "ఓన్లీ" బాణాన్ని తిప్పేస్తుంది. తెలుగులో "అయితే", "అయితేనే" మధ్య ఉన్న తేడా ఇదే కాబట్టి మనకు ఇది కొత్తేమీ కాదు. "ఫీజు కడితే హాల్ టికెట్ ఇస్తారు" అన్నదానికీ, "ఫీజు కడితేనే హాల్ టికెట్ ఇస్తారు" అన్నదానికీ తేడా మీకు తెలుసు. మొదటిదాంట్లో ఫీజు చాలు. రెండోదాంట్లో ఫీజు తప్పనిసరి, కానీ అదొక్కటే చాలుతుందన్న హామీ లేదు, అటెండెన్స్ కూడా అడగొచ్చు. "ఓన్లీ ఇఫ్" కనిపించినప్పుడల్లా మనసులో "తేనే" అని చదువుకోండి.

"ది ఓన్లీ" అని వస్తే జాగ్రత్త. "ది ఓన్లీ పీపుల్ అడ్మిటెడ్ ఆర్ మెంబర్స్" అంటే లోపలికి వచ్చినవాళ్లంతా సభ్యులే అని. లోపలికి రావడం తోక, సభ్యత్వం మొన. "నో" వస్తే మొనకు "కాదు" తగిలించండి: "నో పోయెట్ ఈజ్ రిచ్" అంటే కవి → ధనవంతుడు కాదు.

అందరినీ ఏడిపించేది "అన్‌లెస్". దానికి ఒకటే చిట్కా: "కాకపోతే" అని చదవండి. "వాన పడకపోతే మ్యాచ్ జరుగుతుంది" అన్నదాన్నే ఇంగ్లీషులో అన్‌లెస్ పెట్టి చెబుతారు. వాన పడితే? చెప్పలేం. వాన పడితే మ్యాచ్ రద్దవుతుందని మనం మాట్లాడుకునేటప్పుడు అర్థం చేసుకుంటాం. పరీక్షలో ఆ చనువు తీసుకోకూడదు.

రాజ్యాంగం ఎలాగూ చదువుతారు కాబట్టి అక్కడి నుంచే ఒక నిజమైన అన్‌లెస్ చూద్దాం. 58వ అధికరణం రాష్ట్రపతి అర్హతలు చెబుతుంది. భారత పౌరుడై, 35 ఏళ్లు నిండి, లోక్‌సభకు ఎన్నికయ్యే అర్హత ఉంటే తప్ప ఎవరూ ఆ ఎన్నికకు అర్హులు కారు. బాణం ఇలా:

అర్హత → పౌరసత్వం, 35 ఏళ్లు, లోక్‌సభ అర్హత... మూడూ

వెనక్కి తిప్పండి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అర్హత లేదు. తిప్పేటప్పుడు "మరియు" కాస్తా "లేదా" అయిపోయిందని గమనించండి. అలాగే "లేదా" ఉంటే తిప్పాక "మరియు" అవుతుంది. ఇది మరిచిపోతే క్లాట్‌లో సూత్రం ఇచ్చి అడిగే ప్రశ్నలు కూడా తప్పుతాయి.

ఇప్పుడు ఉచ్చు. ఒకాయనకు ఈ మూడు అర్హతలూ ఉన్నాయి, రాష్ట్రపతి పదవికి పోటీ చేయొచ్చా? చెప్పలేం. అదే అధికరణం రెండో క్లాజు ప్రభుత్వంలో లాభదాయక పదవిలో ఉన్నవాళ్లను తప్పిస్తుంది. మొన దగ్గరున్నవన్నీ చేతిలో ఉన్నా తోక దాకా నడవలేమనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. బాణం వెంట ముందుకు నడవడానికి మాత్రం అడ్డు లేదు. 1977లో నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి అయ్యారని పాసేజ్ చెబితే, అప్పటికి ఆయనకు 35 ఏళ్లు నిండాయని తీర్మానించడానికి ఆయన పుట్టిన సంవత్సరం తెలియక్కర్లేదు.

ఇంకొకటి, వెనక్కి నడవడానికి. 75వ అధికరణం ప్రకారం వరుసగా ఆరు నెలలు పార్లమెంటులో ఏ సభలోనూ సభ్యుడు కాని మంత్రి, ఆ గడువు ముగియగానే మంత్రి పదవి కోల్పోతాడు. 1991 జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధానిగా ప్రమాణం చేసే నాటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. 1992లోనూ ఆయన ప్రధానిగా కొనసాగుతున్నారు. ఈ రెండు ముక్కలతో మీరు ఏం చెప్పగలరు? ఆరు నెలల్లోపు ఆయనకు ఏదో ఒక సభలో సభ్యత్వం వచ్చే ఉంటుంది. వచ్చింది కూడా, నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచారు. నంద్యాల సంగతి తెలియకపోయినా లాజిక్ మిమ్మల్ని అక్కడిదాకా తీసుకెళ్తుంది. ఇదే రూలు నుంచి "ఎంపీ అయితే మంత్రి పదవి ఉంటుంది" అని మాత్రం రాదు. లోక్‌సభలో 543 సీట్లున్నాయి, గెలిచినవాళ్లంతా మంత్రులు కారు.

ఆరో మెట్టు: గొలుసులు, "కొందరు", "చాలామంది"

ఒక బాణం మొన ఇంకో బాణం తోక అయితే రెంటినీ కలిపేయండి. గొలుసు మొత్తాన్ని చివరి నుంచి మొదటిదాకా "లేదు" పెట్టి తిప్పొచ్చు. ఇందులో కష్టమేమీ లేదు.

"కొందరు" వస్తే బాణం గీయకండి. కొందరు అంటే కనీసం ఒక్కరు, అందరూ కూడా కావచ్చు. కొందరు లాయర్లు కవులు, కొందరు కవులు గాయకులు అంటే లాయర్లకూ గాయకులకూ సంబంధం ఏమీ తేలదు. "చాలామంది" అంటే సగానికి మించి. ఇక్కడ ఒక్క మంచి సంగతి ఉంది: లాయర్లలో సగానికి మించి కవులు, లాయర్లలో సగానికి మించి గాయకులు అయితే, కవీ గాయకుడూ రెండూ అయిన లాయరు కనీసం ఒక్కరైనా ఉండి తీరాలి. సగానికి మించిన రెండు గుంపులు ఒకే గదిలో ఒకదాన్నొకటి తగలకుండా కూర్చోలేవు.

బ్యాంకు పరీక్షల సిలాజిజంలో "ఓన్లీ ఎ ఫ్యూ" అని వస్తే కొందరు అవును, కొందరు కాదు అని రెండూ తీసుకోవాలి. మామూలు "సమ్" కంటే ఇది ఎక్కువ చెబుతుంది.

ఏడో మెట్టు: వాదనలో ఖాళీ వెతకండి

షరతు వాక్యాలకు జవాబు ఖాయంగా ఉంటుంది. మామూలు వాదనలు అలా ఉండవు. కారణాలకూ ముగింపుకూ మధ్య ఎక్కడో ఒక ఖాళీ ఉంటుంది, వాదించేవాడు దాని మీదుగా గెంతేస్తాడు. అజంప్షన్, స్ట్రెంథెన్ (బలపరచడం), వీకెన్ (బలహీనపరచడం), ఫ్లా (లోపం)... పేర్లు ఎన్నున్నా ఈ ప్రశ్నలన్నీ అడిగేది ఆ ఖాళీ గురించే.

ఈ వాదన తీసుకోండి. "ఒక జిల్లాలో గ్రంథాలయాల వేళలను రాత్రి పది గంటల దాకా పొడిగించారు. ఆ మరుసటి ఏడాది ఆ జిల్లా నుంచి ప్రభుత్వ ఉద్యోగాలు సాధించినవాళ్ల సంఖ్య పెరిగింది. కాబట్టి వేళలు పొడిగించడం వల్లే ఎక్కువమందికి ఉద్యోగాలు వచ్చాయి."

ఆప్షన్లు చూడకముందే ఖాళీ ఏమిటో మీ మాటల్లో చెప్పుకోండి. ముందు ఒకటి జరిగింది, తర్వాత ఇంకొకటి జరిగింది, కాబట్టి మొదటిదాని వల్లే రెండోది జరిగిందంటున్నాడు. పెరగడానికి వేరే కారణం ఉండకూడదా? నోటిఫికేషన్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనకు ఆ వేరే కారణం తట్టకపోవడమంటూ ఉండదు. ఆ ఏడాది పోస్టులే ఎక్కువ పడి ఉండొచ్చు.

వీకెన్ చేయమంటే అదే జవాబు: ఆ ఏడాది భర్తీ చేసిన పోస్టులు అంతకుముందు ఏడాది కంటే రెట్టింపు. ఇది వాదనను పూర్తిగా చంపేయనక్కర్లేదు, దాని మీద నమ్మకం తగ్గిస్తే చాలు. స్ట్రెంథెన్ చేయమంటే: వేళలు పొడిగించని పక్క జిల్లాలో, అవే పోస్టులకు పోటీ పడినా, నెగ్గినవాళ్ల సంఖ్య పెరగలేదు. వేరే కారణాన్ని కొట్టేసే ఏ ఆప్షనైనా వాదనకు బలమే.

అజంప్షన్ అడిగితే కాదనే పరీక్ష పెట్టండి. ఆప్షన్‌ను తిరగేసి చదివితే వాదన కూలిపోతే, అదే అజంప్షన్. "పొడిగించిన వేళల్లో అభ్యర్థులు వచ్చి చదువుకున్నారు" అన్న ఆప్షన్‌ను తిరగేయండి: ఆ వేళల్లో ఒక్క అభ్యర్థీ రాలేదు. వాదన అక్కడికక్కడే కూలింది. కాబట్టి ఇది తప్పనిసరి. ఇప్పుడు "గ్రంథాలయంలో చదివినవాళ్లకే ఉద్యోగాలు వస్తాయి" అన్న ఆప్షన్ తిరగేయండి: ఇంట్లో చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు కూడా కొందరున్నారు. వాదనకు ఏమీ కాలేదు. కాబట్టి ఇది అజంప్షన్ కాదు, ఆకర్షణీయమైన ఉచ్చు. "ఒక్కటే", "ఎప్పుడూ", "ఏ మాత్రమూ" లాంటి గట్టి మాటలున్న ఆప్షన్లు అజంప్షన్ ప్రశ్నల్లో చాలాసార్లు ఇలాగే పోతాయి. అలాగని చూడగానే కొట్టేయకండి. స్ట్రెంథెన్, వీకెన్ ప్రశ్నల్లో గట్టి మాట మేలే చేస్తుంది.

సీశాట్ పాసేజ్‌లలో ఇంకో రకం ఉచ్చు ఎక్కువ. ఆప్షన్ చదివితే చాలా మంచి మాటలా ఉంటుంది, ప్రభుత్వం చేయాల్సిన పనిలా ఉంటుంది, కానీ పాసేజ్‌లో దానికి ఆధారం ఉండదు. మంచి మాటలకు మార్కుల్లేవు. ఏ వాక్యం నుంచి వచ్చిందో వేలు పెట్టి చూపించలేకపోతే వదిలేయండి.

లోపాలు గుర్తుపట్టడానికి కోచింగ్ ప్రకటనలు చదవండి

ఇది ఎగతాళికి అనడం లేదు. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అశోక్‌నగర్ గోడల మీద, పేపర్లో వచ్చే కరపత్రాల్లో దొరికినన్ని లోపాలు ఏ పుస్తకంలోనూ దొరకవు. "మా దగ్గర ర్యాంకు తెచ్చుకున్నవాళ్లంతా రోజూ మాక్ టెస్ట్ రాసినవాళ్లే. మీరూ రాయండి, ర్యాంకు మీదే." ర్యాంకు → మాక్ అన్న బాణాన్ని మాక్ → ర్యాంకు అని తిప్పేశారు. రోజూ మాక్ రాసి ర్యాంకు రానివాళ్లు ఎందరో ఎవరూ చెప్పరు.

"ఈసారి మా సెలక్షన్లు గతేడాది కంటే 50 శాతం ఎక్కువ." ఇద్దరి నుంచి ముగ్గురికి పెరిగినా 50 శాతం పెరిగినట్టే. పైగా చేరినవాళ్లు రెట్టింపైతే సెలక్షన్ రేటు తగ్గినట్టు. శాతం చెప్పి సంఖ్య దాచడం, సంఖ్య చెప్పి శాతం దాచడం... పరీక్షల్లో ఈ రెండూ పదేపదే వస్తాయి. "మా విద్యార్థులను అడిగితే 95 శాతం మంది సంతృప్తిగా ఉన్నామన్నారు" అంటే, మధ్యలో మానేసి వెళ్లినవాళ్లను అడిగారా అని చూడాలి. ఫలానా టాపర్ చెప్పాడు కాబట్టి ఆ పుస్తకమే మంచిది, ఫలానావాడి చరిత్ర బాగాలేదు కాబట్టి అతను చెప్పింది తప్పు, ఇవి కూడా లోపాలే. వీటిని మాత్రం అందరూ తేలిగ్గా పట్టుకుంటారు.

బలమైన వాదన, బలహీనమైన వాదన

కొన్ని పరీక్షల్లో "ఫలానాది నిషేధించాలా?" అని అడిగి, అవునని ఒకటి, కాదని ఒకటి వాదనలిచ్చి ఏది బలమైనదో చెప్పమంటారు. మీ అభిప్రాయంతో పనిలేదు. వాదన చెప్పిన సంగతి నిజమనుకోండి. అది నేరుగా ఈ ప్రశ్నకు సంబంధించినదేనా, తేల్చేంత బరువు ఉందా అని చూడండి. "వేరే దేశాల్లో చేశారు కాబట్టి మనమూ చేయాలి", "ఇన్నాళ్లూ ఇలాగే నడిచింది", "చేస్తే బాగుంటుంది", ఇలాంటివి బలహీనం. రెండూ బలంగా ఉండొచ్చు. రెండూ వీగిపోవచ్చు.

సాధన, పరీక్ష రోజు

పాత పేపర్లతోనే మొదలుపెట్టండి. సీశాట్‌వి యూపీఎస్సీ సైట్లో, క్లాట్‌వి ఆ పరీక్ష నిర్వహించే కన్సార్షియం సైట్లో ఉచితంగా ఉన్నాయి. ఎల్‌శాట్‌కు ఆ పరీక్ష నిర్వాహకుల సైటైన లాహబ్‌లో అసలు పరీక్షలే కొన్ని ఉచితంగా ఇస్తారు. బయట దొరికే వర్క్‌బుక్కుల్లో కీ తప్పుగా ఉండటం అరుదేమీ కాదు, లాజిక్‌లో తప్పు కీ నేర్పే తప్పు అలవాటు పోగొట్టుకోవడానికి చాలా కాలం పడుతుంది.

మొదట్లో గడియారం పక్కన పెట్టండి. పది ప్రశ్నలు చేసి, ప్రతి తప్పు ఆప్షన్ ఎందుకు తప్పో నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి: "బాణం తిప్పేశాడు", "పాసేజ్‌లో లేదు", "కొందరిని అందరూ చేశాడు". సరైనది పెట్టిన ప్రశ్నలకు కూడా రాయాలి. రాయలేకపోతే మీకు మార్కు లాటరీలో వచ్చిందన్నమాట. కొన్నాళ్లకు మీ తప్పులు రెండు మూడు రకాలే అని ఆ నోట్‌బుక్కే చూపిస్తుంది. అప్పుడు గడియారం పెట్టుకోండి.

తెలుగు పత్రికలో ఎడిటోరియల్ చదివేటప్పుడు ముగింపు కింద గీత గీసి, ఖాళీ ఏమిటో పక్కన రాయడం మంచి అలవాటు. మీకు నచ్చిన అభిప్రాయం ఉన్న ఎడిటోరియల్‌నే ఎంచుకోండి. నచ్చనిదాంట్లో లోపం ఎవరికైనా కనిపిస్తుంది.

ఇక తెలియని ప్రశ్న గుడ్డిగా పెట్టాలా వద్దా అంటే, లెక్క పరీక్షను బట్టి మారుతుంది. సీశాట్‌లో సరైనదానికి 2.5, తప్పుకు 0.83 పోతుంది. నాలుగు ఆప్షన్లలో ఒక్కటీ కొట్టేయలేకపోతే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు, వదిలేయడమే మేలు. ఒక్కదాన్ని ఖాయంగా కొట్టేయగలిగినా పెట్టొచ్చు. రెంటిని కొట్టేశాక వదిలేయడం మాత్రం దండగ. క్లాట్‌లో తప్పుకు పోయేది పావు మార్కే కాబట్టి ఇంకొంచెం ధైర్యం చేయొచ్చు. ఎల్‌శాట్‌లో నెగెటివ్ మార్కులే లేవు. ఒక్కో సెక్షన్‌కు 35 నిమిషాలు, చివరి నిమిషంలో మిగిలిన ఖాళీలన్నీ ఏదో ఒకటి పెట్టి నింపేయండి.